పరజల దోనె

శని, ఆదివారాలు ఏం చేశారని సోమవారం పొద్దున లిఫ్టులో అడుగుతారు చూడండి, మా మాదాపూర్ ఆఫీసులో దానికి జవాబులు ముందే తెలిసిపోతాయి. ఓటీటీలో సినిమా, శంకర్‌పల్లి వైపు ఎవరిదో ఫామ్‌హౌస్, పిల్లల స్విమ్మింగ్ క్లాసు. మూడేళ్ల కిందట దసరా నుంచి సంక్రాంతి దాకా నా జవాబు మాత్రం ఒకటే: 'తాటిదోనె బాగుచేస్తున్నాం.' సగం మందికి దోనె అంటే ఏమిటో తెలియదు. తెలిసినవాళ్లు 'ఇప్పుడు దాంతో ఏం పని?' అనేవాళ్లు. ఈ రెండో ప్రశ్నకి జవాబు ఏడో అంతస్తు వచ్చేలోపు చెప్పగలిగేది కాదు. అందుకే ఇక్కడ తీరిగ్గా చెబుతున్నాను.

మా అమ్మ పుట్టిల్లు కైకలూరు అవతల ఒక కొల్లేటి లంక. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పళ్లెంలా పల్లంగా ఉండే సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్లు అందులో చేరి, ఉప్పుటేరు మీదుగా సముద్రంలోకి పోతాయి. వానాకాలంలో లంక చుట్టూ నీళ్లే. రోడ్లు పడకముందు పెళ్లివారు రావాలన్నా, పురిటి నొప్పులొచ్చినా, పిల్లలు బడికి పోవాలన్నా దోనే దిక్కు.

దోనె తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ముదురు తాడిచెట్టు మొదలు లావుగా ఉబ్బి ఉంటుంది. ఆ మాను పైవైపు చెక్కేసి, లోపలి మెత్తటి పీచు తవ్వేస్తే, చుట్టూ నల్లటి చేవ మిగులుతుంది. ఉబ్బిన మొదలు వైపు దానంతటదే మూసుకుని ఉంటుంది. రెండో కొసన చెక్కో, బంకమట్టో పెట్టి బిగించాలి. ఒక్క దోనె అయితే మనిషి కదిలినప్పుడల్లా దొర్లిపోతుంది. అందుకని రెండింటిని పక్కపక్కన పెట్టి, అడ్డకర్రలు వేసి కట్టేస్తారు. ఇంజను లేదు, తెరచాప లేదు. నిలబడి గెడ వేసుకుంటూ పోవడమే.

మా మావయ్య దోనెల జత పొడవు 16 అడుగులు. మా తాతయ్య హయాంలో చెక్కించినవి. చేపలు పట్టడానికి కూడా వాడేవారు గానీ, లంకలో దానికి పేరు మాత్రం 'పరజల దోనె'. పరజలంటే చలికాలంలో ఉత్తరాన్నుంచి వచ్చే బాతులు. సైబీరియా నుంచి, మధ్య ఆసియా నుంచి హిమాలయాలు దాటి వచ్చి, మన చేలల్లో, చెరువుల్లో నాలుగైదు నెలలుండి తిరిగిపోతాయి. నా చిన్నతనంలో, అంటే 1980లలో, కార్తీకం దాటాక చీకటి రాత్రుల్లో మావయ్య వలలేసుకుని ఆ దోనెలో వెళ్లేవాడు. తెల్లారేసరికి కావిడితో వచ్చేవాడు. పరజ కూర వండిన రోజు మా ఇంట్లో పండగే.

అప్పటికే 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ఉంది. కానీ చట్టం దోనె ఎక్కి లంక దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఈలోపు కొల్లేరే మారిపోయింది. గట్లు లేచి చేపల చెరువులయ్యాయి. తుంగా, జమ్మూ పోయాయి. పిట్టలు దిగే చోటు తగ్గింది. 'నేను వేట మానలేదురా, వేటే నన్ను మానేసింది' అంటాడు మావయ్య. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. 2006లో ఐదో కాంటూరు లోపలి చెరువుల గట్లు తెగ్గొట్టారు. మావయ్యకి వాటా ఉన్న చెరువూ అందులో ఉంది. ఆ తర్వాత ఆయన ఇతరుల చెరువుల దగ్గర కాపలా పనికి కుదిరాడు. కొడుకు గచ్చిబౌలిలో ఆఫీసు క్యాబ్ నడపడానికి వచ్చేశాడు. దోనెలు పశువుల పాక వెనక బోర్లా పడి ఉండిపోయాయి.

వాటికి గిరాకీ వచ్చింది కొల్లేటిలో కాదు, కొండాపూర్‌లో. కొత్తగా పెట్టబోయే ఒక రెస్టారెంటుకి లోపలి అలంకరణ చేస్తున్నాయన మా బావ క్యాబ్ ఎక్కాడట. మాటల్లో దోనె సంగతి వచ్చింది. ఆయన ఫోటో తెప్పించుకుని చూశాడు. జతకి 30,000 ఇస్తానన్నాడు. ఒకదాన్ని కప్పుకి వేలాడదీస్తారు, రెండోదాంట్లో ఐసు పోసి కూల్‌డ్రింకులు పెడతారు.

30,000 మావయ్యకి చిన్న మొత్తం కాదు. వంటింటి రేకులు చిల్లులు పడి, వాన వస్తే అత్తయ్య పొయ్యిని ఆ మూల నుంచి ఈ మూలకి జరుపుకుంటోంది. కప్పు నేను వేయిస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. 'ఆడపడుచు కొడుకు డబ్బులతో కప్పేయించుకున్నానని లంకంతా చెప్పుకోవాలా?' అన్నాడు. అలాగని దోనెలు అమ్మడానికీ చెయ్యి రావడం లేదు. 'నీళ్లలో తిరిగినదాన్ని తీసుకెళ్లి ఉరి తీస్తారా?' అని ఒకసారి, 'పుచ్చిపోయేదానికి అంతిస్తుంటే వద్దనడం ఎందుకు?' అని ఇంకోసారి.

అప్పుడు నాకు తట్టింది మా ఆఫీసు పక్షుల గ్రూపు. హైటెక్ సిటీలో కోడ్ రాసేవాళ్లలో తెల్లవారుజామునే లేచి పిట్టల్ని చూడ్డానికి వెళ్లేవాళ్లు చాలామందే ఉన్నారు. అమీన్‌పూర్ చెరువు, గండిపేట, మంజీరా, ఏదీ వదలరు. కెమెరా లెన్సు కోసం ఈఎంఐ కట్టేవాళ్లున్నారు. వాళ్లందరికీ ఉండే బాధ ఒకటే: గట్టు మీద నుంచి చూస్తే బాతులు చుక్కల్లా కనిపిస్తాయి, మోటారు పడవలో వెళితే లేచిపోతాయి. 'నీ దోనెని వీళ్ల కోసం మారుద్దాం మావయ్యా' అన్నాను. ఆయన చాలాసేపు నవ్వాడు. 'పిట్టని పట్టకుండా ఊరికే చూడ్డానికి డబ్బులిస్తారా?'

ఇస్తారని చెప్పి, శుక్రవారం రాత్రి మియాపూర్‌లో భీమవరం బస్సెక్కడం, ఆదివారం రాత్రి తిరుగు బస్సెక్కడం మొదలుపెట్టాను.

మొదటి పని పరీక్ష. మావయ్య వేలి ముడితో దోనె పొడవునా కొట్టుకుంటూ పోయాడు. గట్టి మోత వస్తే చేవ బాగుందని, బొద్దుగా వినిపిస్తే పుచ్చిందని. ఒక దోనె నిక్షేపంగా ఉంది. రెండోదాని సన్న కొస మెత్తబడింది. ఒక అడుగు మేర కోసేసి, పాత తలుపు చెక్క ఒకటి కొలతకి చెక్కి బిగించాం. ఏళ్ల తరబడి ఎండిన మాను కదా, సన్నటి నెర్రెలు చాలా ఉన్నాయి. నేను హైదరాబాద్ నుంచి ఎపాక్సీ డబ్బా తెచ్చాను. 'ముందు నీళ్లు తాగనీ' అన్నాడాయన. రెండింటిలో రాళ్లు పెట్టి, పది రోజులు చెరువులో ముంచేశాం. మాను ఉబ్బి నెర్రెల్లో చాలావరకు వాటంతటవే మూసుకుపోయాయి. మిగిలిన వాటికి గుగ్గిలం పొడి నూనెలో కాచి పూశాం. నా డబ్బా అవసరం తలుపు చెక్క దగ్గర ఒక్కచోటే పడింది.

తర్వాత కట్టడం. మెకానికల్ చదివిన స్నేహితుడొకడు లాప్‌టాప్‌లో బొమ్మ గీసిచ్చాడు. రెండు దోనెల మధ్య రెండడుగుల ఎడం, నాలుగు అడ్డకర్రలు, ఎనిమిది బోల్టులు. మావయ్య ఎడం ఒప్పుకున్నాడు, కర్రలు ఒప్పుకున్నాడు, బోల్టులు మాత్రం కుదరదన్నాడు. 'అల తగిలినప్పుడల్లా ఇనుము కిర్రుమంటుంది. పరజ ఆ చప్పుడికే లేస్తుంది.' వెదురు అడ్డకర్రల్ని కొబ్బరిపీచు తాడుతోనే కట్టాం. తాడు తడిస్తే ఇంకా బిగుసుకుంటుంది, కానీ చప్పుడు చేయదు. మధ్యలో పలక పరిచి, దాని కింద పాత గోనెలు వేశాం. కాలు జరిగినా మోత రాకూడదు.

కూర్చోవడం దగ్గర ఇద్దరికీ వాదన పడింది. వచ్చేవాళ్లు నడుం నొప్పులవాళ్లు, కుర్చీలుంటే బాగుంటుందని నేను. కుర్చీ వేస్తే మనిషి తల నీటి మట్టానికి నాలుగడుగుల పైన ఉంటుంది, అలాంటి ఆకారం వస్తుంటే ఏ బాతైనా ఆగుతుందా అని ఆయన. చివరికి ఆరంగుళాల పీట, వెనక ఆనుకోవడానికి గడ్డి దిండు. దోనె అంచు నీటికి జానెడే పైన ఉంటుంది. అంత కిందికి కూర్చుంటే, ఒడ్డు నుంచి చూసేవాళ్లకి దోనె తేలే దుంగలా కనిపిస్తుంది. బాతుకీ అంతే. అదీగాక, కెమెరా పిట్ట కంటికి సమానంగా వస్తుంది. ఫోటోగ్రాఫర్లు కోరుకునేదీ అదే కదా!

ముందు భాగంలో, ఒకప్పుడు వలల కుప్ప ఉండేచోట, జమ్ము చాప నిలబెట్టాం. దానికి జానెడు సందు. ఆ సందు దగ్గర చిన్న గోనెసంచిలో వడ్లు పోసి కట్టాం. పడవలో ట్రైపాడ్ పెడితే పడవ ఊగినంతా కెమెరా ఊగుతుంది. వడ్ల సంచి మీద లెన్సు ఆనిస్తే కుదురుగా ఉంటుంది. రంగు వేయలేదు. లైఫ్ జాకెట్లు మాత్రం ఖాయంగా ఉండాలన్నాను. నేను కొన్నవి నారింజ రంగువి. మావయ్య వాటిని చూసి, 'బాతులకి సిగ్నల్ ఇస్తున్నావా?' అన్నాడు. పైన పాత ఖాకీ చొక్కాలు తొడుక్కోవాలని ఒప్పందం. తాళ్లు, వెదురు, పలక, జాకెట్లు, వడ్రంగి కూలీ అన్నీ కలిపి 14,000 దాకా అయింది. ఇది అప్పు, దోనె సంపాదించి తీరుస్తుందని మావయ్య షరతు.

ఈ పనంతా చేస్తున్నప్పుడు నాకు ఒక సంగతి మెల్లగా అర్థమైంది. మేం మారుస్తున్నది చాలా తక్కువ. వేటకి పనికొచ్చిన ప్రతి గుణమూ చూడ్డానికీ కావాలి: చప్పుడు లేకపోవడం, కిందికి ఉండడం, మరుగు, ఓపిక. మావయ్య బుర్రలో ఉన్నదైతే అసలు మార్చాల్సిన పనే లేదు. బాతులు గాలికి ఎదురుగా లేస్తాయి కాబట్టి గాలి ఎటుందో ముందు చూసుకోవాలి. వాటివైపు సూటిగా పోకూడదు, పక్కగా దాటిపోతున్నట్టు ఏటవాలుగా పోవాలి. సూర్యుడు మన వీపు వైపు ఉండాలి. గుంపులో ఒకటి తలెత్తితే ఫరవాలేదు, అన్నీ మేత ఆపి ఒకేసారి మెడలు నిలబెట్టాయంటే గెడ ఆపేయాలి. మళ్లీ ముక్కులు నీళ్లలో పెట్టేదాకా ఊపిరి కూడా మెల్లగానే. ఇదంతా ఏ పుస్తకంలోదీ కాదు, ముప్ఫై చలికాలాల్లో చీకట్లో నేర్చుకున్నది.

ఈ దారి మా మావయ్య ఒక్కడే తొక్కినదీ కాదు. ఇంగ్లండులో పీటర్ స్కాట్ అని ఒకాయన, దక్షిణ ధ్రువానికి వెళ్లి తిరిగి రాని కెప్టెన్ స్కాట్ కొడుకు, కుర్రతనంలో బాతుల వేటంటే ప్రాణమిచ్చేవాడు. ఆయనే తర్వాత తుపాకీ పక్కన పెట్టి, 1946లో స్లిమ్‌బ్రిడ్జ్ దగ్గర నీటి పక్షుల కోసం ఒక సంస్థ పెట్టాడు. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ పాండా బొమ్మ గీసిందీ ఆయనే. మన పక్కనే ఒడిశాలో, చిలికా ఒడ్డున మంగళాజోడి అనే ఊరుంది. ఒకప్పుడు పిట్టల వేటకి పేరుమోసిన ఊరది. ఇప్పుడు ఒకనాటి వేటగాళ్లే గెడ పట్టుకుని, పర్యాటకుల్ని పడవల్లో తీసుకెళ్లి పిట్టల్ని చూపిస్తున్నారు. భరత్‌పూర్‌లో 1938 నవంబరులో ఒక్కరోజున, వైస్రాయి లిన్‌లిత్‌గో వచ్చినప్పుడు, నాలుగు వేలకు పైగా పిట్టల్ని కాల్చారు. ఆ లెక్క రాతిమీద చెక్కి ఉంది. ఇవాళ అదే చోటు జాతీయ పార్కు. మావయ్యకి ఈ వైస్రాయి సంగతి చెబితే, 'మేం తినడానికి పట్టాం, అమ్ముకోడానికి పట్టాం. వాళ్లెందుకు కాల్చారంట?' అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఒక ముఖ్యమైన మాట. అభయారణ్యంలోకి ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు పడవేసుకుని పోవడానికి లేదు. అటవీశాఖ అనుమతి కావాలి. గూడబాతుల్ని చూడాలనుకునేవాళ్లకి ఆటపాక ఉంది, అక్కడ బోటు షికారు ఉంటుంది, దారి కూడా సులువు. మేం కాగితాలు పెట్టుకుని, అనుమతి వచ్చాకే దోనె దింపాం. ఒకప్పుడు చట్టాన్ని తప్పించుకుని చీకట్లో తిరిగిన దోనె, జేబులో అనుమతి కాగితంతో పట్టపగలు వెళ్లడం మావయ్యకి వింతగా ఉంది. 'ఎవరైనా ఆపి అడిగితే బాగుణ్ణురా, చూపిద్దాం' అన్నాడు.

జనవరిలో మా ఆఫీసు నుంచి ముగ్గురొచ్చారు. ఏటా జనవరిలో ఆసియా అంతటా నీటి పక్షుల లెక్క జరుగుతుంది. 1987 నుంచీ జరుగుతోంది, వాలంటీర్లే లెక్కపెడతారు. మావాళ్లూ ఆ పని మీదే వచ్చారు. ఇద్దరిద్దరుగా దోనె ఎక్కారు. మంచు తెరల్లో తుంగ పక్కన ఒక పెద్ద గుంపు దిగి ఉంది. ఎక్కువగా గార్గనీలు, మధ్యలో సూదితోక బాతులు. మావాడు బైనాక్యులర్లో పదులు పదులుగా లెక్కపెడుతున్నాడు. మావయ్య గెడ మీద ఆనుకుని ఒక చూపు చూసి, 'నలభై కావిళ్లుంటాయి' అన్నాడు.

నాకు తప్ప ఎవరికీ అర్థం కాలేదు. కావిడికి ఎన్ని అని అడిగాను. 'రెండు బుట్టలు, బుట్టకి పాతిక.' అంటే రెండు వేలు. మావాడు రెండుసార్లు లెక్కపెట్టి తేల్చింది 1,900 చిల్లర.

దోనెలో ఎవరూ మాట్లాడలేదు. ఆ లెక్క ఎలా వచ్చిందో అందరికీ తెలుసు. ఆ చూపు వెనక ఎన్ని బుట్టలున్నాయో ఊహించుకుంటే మనసు కొంచెం ముడుచుకుంది కూడా. కానీ ఆ చూపు లేకపోతే ఆ పొద్దున అంత దగ్గరికి మమ్మల్ని తీసుకెళ్లగలిగేవాళ్లూ లేరు. ఈ రెండూ నిజాలే. ఒకదాన్ని పెట్టి ఇంకోదాన్ని కొట్టేయడం నా వల్ల కాలేదు. ఇప్పుడు మావయ్య కావిళ్ల లెక్క చెప్పడు, అంకె చెబుతాడు. మనసులో మాత్రం కావిళ్లే వేసుకుంటాడని నా అనుమానం.

తిరిగొచ్చాక నాకు హైటెక్ సిటీ కూడా కొంచెం వేరుగా కనబడడం మొదలైంది. సైబర్ టవర్స్ 1998లో మొదలైనప్పుడు ఈ చుట్టుపక్కలంతా బండరాళ్లు, చెరువులు. మేం రోజూ కేబుల్ బ్రిడ్జి మీద నుంచి దాటే దుర్గం చెరువు ఒకప్పుడు గోల్కొండ కోటకి నీళ్లిచ్చింది. ఇప్పుడు ఫ్లాట్ కొనేవాళ్లందరికీ 'ఎఫ్‌టీఎల్' అనే మాట కంఠతా వచ్చు, చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చెప్పే గీత. కొల్లేటిలో ఐదో కాంటూరు అన్నా అలాంటి గీతే. అక్కడ గీత లోపల చేపల చెరువులు, ఇక్కడ గీత లోపల అపార్ట్‌మెంట్లు. గీత ఎక్కడుందో మనుషులు కోర్టుల్లో తేల్చుకుంటారు. పిట్టలకి ఆ ఓపిక లేదు. నీళ్లుంటే దిగుతాయి, లేకపోతే ముందుకు పోతాయి. మావయ్య చెప్పిన 'వేటే నన్ను మానేసింది' అనే మాటకి అర్థం ఇదే. పరజలు తగ్గడానికి వలలు ఒక్కటే కారణం కాదు. వలలు పోయినా, దిగడానికి చోటు లేకపోతే చూపించడానికీ ఏమీ ఉండదు. దోనెని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, నీళ్లే ఉండాలి.

డబ్బు లెక్క కూడా చెప్పేస్తాను, లేకపోతే ఇదేదో సినిమా కథలా ఉంటుంది. మూడు చలికాలాల్లో పెట్టుబడి 14,000 తీరిపోగా, మావయ్య చేతికి మిగిలింది 17,000. కొండాపూర్ వాళ్లిస్తామన్న దాంట్లో సగం కన్నా కాస్త ఎక్కువ. వానలు ఎక్కువై దారి మునిగిన నెల ఎవరూ రారు, ఎండలు ముందే వస్తే ఫిబ్రవరి ఆఖరుకే పిట్టలు సర్దుకుంటాయి. కూర్చుంటే కాళ్లు తిమ్మిరెక్కాయని గొణుక్కుంటూ వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఆ రెస్టారెంటుకి వేరే ఊరి నుంచి పడవ దొరికిందట, బావ చెప్పాడు. బాగానే వేలాడుతోందట.

మావయ్యని ఈమధ్య అడిగాను, అమ్మేసి ఉంటే నయమేమోనని ఎప్పుడైనా అనిపించిందా అని. 'అనిపించింది, వానాకాలంలో' అన్నాడు నిజాయతీగా. కాసేపాగి, 'చలికాలంలో అనిపించలేదు' అన్నాడు.

మీ ఊళ్లో కూడా ఏ చెరువుగట్టునో, పాక వెనకో ఇలాంటి దోనె బోర్లా పడి ఉంటే, అమ్మే ముందు ఒకసారి వేలి ముడితో కొట్టి చూడండి. మోత గట్టిగా వస్తే, దాన్ని నడిపిన పెద్దాయన ఇంకా ఉంటే, రెండో ఆలోచన చేయండి. వేసవిలో మాత్రం ఎండలో వదిలేయకండి, నీడలో బోర్లించి తడి గోనెలు కప్పాలి. లేకపోతే మళ్లీ నెర్రెలిస్తుంది. మా దోనెకి ఈ దసరాకి తాళ్లు మార్చాలి, చెక్క దగ్గర కొత్తగా గుగ్గిలం పూయాలి. అత్తయ్య వంటింటి మీద సగానికి కొత్త రేకులు పడ్డాయి. మిగతా సగం ఇంకా పాతవే.